శుక్రవారపు ఆకు

నేను బ్యాగులో పెట్టినవన్నీ ఆనంది ఒక్కొక్కటిగా బయటికి తీస్తూ ఉంది.

“అవ్వా, ఇది బ్యాగు. మన అటక కాదు.”

“పప్పుపొడి ఒక్క డబ్బానే కదే.”

“ఒక్కటని చెప్పి మూడు పెట్టినావు. రాజ్‌కోట్‌లో పప్పు దొరకదా?”

“దొరుకుతాది. దాంట్లో చక్కెర వేస్తారంట వాండ్లు.”

వంటింట్లో నుంచి నా కోడలు కలైసెల్వి నవ్వింది. నా కొడుకు హరిహరన్ మాత్రం ముందరి గదిలో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. చాలాసేపటి నుంచి అతని పేజీ తిరగలేదు. వెళ్తున్నది అతని ఒక్కగానొక్క కూతురు.

నా చేతులతో చాలా సంచులు సర్దాను. మా ఆయన, అదే పిల్లల నాయన, బోడినాయకనూరులో ఏలకుల మండీకి గుమాస్తాగా వెళ్లేటప్పుడు సర్దాను. కొండదారిలో జీపు పడిపోయింది. సంచి ఒక్కటే ఇంటికి చేరింది. చెల్లెలు వళ్లి మేలూరుకు కాపురానికి పోయేటప్పుడు ట్రంకుపెట్టె సర్దాను. తరువాత రెండు ఇళ్ల మగవాళ్ల మధ్య ఏదో పొలం తగాదా వచ్చింది. ముందు మాటలు పోయాయి, తరువాత చూపులు కూడా పోయాయి. అప్పటి నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. ఎవరి సంచి సర్దినా వాళ్ల వస్తువు ఒకటి దాచేస్తాను. దాని కోసమైనా తిరిగి వస్తారని ఆశ. ఆ రోజు ఆనంది దువ్వెన నా బొడ్లో ఉంది. ఆమె దాని కోసం మంచం కింద కూడా వెతికింది. నేను కూడా వంగి వెతికాను.

ఆ బ్యాగు సంగతి ఆ ఏడాది మాసి నెలలో మొదలైంది.

మాసి నుంచి వైకాశి దాకా, అంటే శివరాత్రి నుంచి వానలు పడేదాకా, కోయంబత్తూరులో మా పీలమేడులో పంపుల సీజను. ఎండ ముదిరేకొద్దీ బోర్లలో నీళ్లు దిగిపోతాయి, ఎక్కడెక్కడి రైతులకూ కొత్త మోటార్లు కావాలి. వీధి చివర లేతు మిషన్లు ఆదివారం కూడా ఆగవు. ఇనుపరజను వాసన ఆరేసిన చీరలకు కూడా పట్టుకుంటుంది. మా పుట్టింటివాళ్లది పంపుల ఫ్యాక్టరీ. మా అన్న ఒక రేకుల షెడ్డులో మొదలుపెట్టాడు. ఇప్పుడు అన్న కొడుకు రంగనాథన్ నడుపుతున్నాడు, అక్కడ అందరికీ ముదలాళి, అంటే యజమాని. నా కొడుక్కి చిన్న వయసులోనే అక్కడ స్టోరులో పని ఇచ్చారు. ఆనంది పాలిటెక్నిక్ ముగించగానే అక్కడే తనిఖీ విభాగంలో చేరింది. మా ఇంట్లో ఉద్యోగం అంటే అదే. ఇంకో గేటు లోపల ఏముంటుందో మాకు తెలియదు.

రంగనాథన్ తల్లి తొందరగా పోయింది. బడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చేవాడు. హరిహరన్‌నీ వాణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టి ముద్దలు పెట్టాను. పెద్దవాడై, కారు కొని, ఆ కారు మా సందులోకి పట్టకపోయినా, శుక్రవారం మధ్యాహ్నం మాత్రం నడిచి వచ్చి మా ఇంట్లో ఆకు వేయించుకునేవాడు. బియ్యం, కందిపప్పు కలిపి వండిన అన్నం, పైన నెయ్యి, పక్కన అప్పళం. చిన్నప్పటి వెండి లోటాలోనే నీళ్లు తాగాలి. తిన్నాక ఆకును తన వైపుకు మడిచేవాడు. మా వైపు చావింట్లో తిన్నప్పుడు తప్ప ఎవరూ ఆకును అవతలికి మడవరు. అట్లా మడిస్తే ఇక ఆ గడప తొక్కననే అర్థం.

“అత్తా, ఈ పక్కకే మడిచినాను, చూసుకో. వచ్చే వారం కూడా పెట్టాల్సిందే,” అనేవాడు. ప్రతి శుక్రవారం అదే హాస్యం. ప్రతి శుక్రవారం నేను నవ్వేదాన్ని.

ఆ మాసిలో ఫ్యాక్టరీలో పంపు బొమ్మలు గీసే డిజైన్ రూములో ఒక కుర్చీ ఖాళీ అయింది. ఆనంది రెండేళ్లుగా సాయంత్రాలు దగ్గరి కాలేజీలో కంప్యూటర్ మీద ఆ బొమ్మలు గీయడం నేర్చుకుంటూ ఉంది. ఆ కుర్చీ తనదే అనుకుంది. మేమూ అదే అనుకున్నాం. అనుకుంటూ ఊరికే ఉన్నాం. ఆమె మాత్రం ఊరికే లేదు.

“ఆఫీసులో పోయి అడిగితే మామ ఏమంటాడో తెలుసా అవ్వా? ‘శుక్రవారం ఇంటికి వస్తాను కదమ్మా, నిదానంగా మాట్లాడదాం.’”

“మరి శుక్రవారం అడుగు.”

“అడగలేదా? నువ్వు అప్పళం వేయిస్తా ఉన్నప్పుడే అడిగినాను. ‘అన్నం ముందర ఫ్యాక్టరీ మాట ఎందుకమ్మా’ అన్నాడు. ఆఫీసులో మామ, ఇంట్లో ముదలాళి. నేను యాడ పోయి అడిగేది? నడి రోడ్డులోనా?”

కలైసెల్వికి నవ్వు ఆగలేదు. హరిహరన్ నవ్వలేదు. “ముదలాళికి తెలుసు, ఎవరికి ఎప్పుడు ఏమి చేయాల్నో. మనం పోయి అడిగితే బాగుండదు. సొంతవాండ్ల దగ్గర చెయ్యి చాపినట్టు ఉంటాది,” అన్నాడు.

మరుసటి వారం ముకుంద్ అనే కొత్త ఇంజనీరు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. మంచి పిల్లవాడేనంట. ఆనందికి అతని మీద కోపం లేదు.

“కాలం వస్తే వాండ్లే పిలుస్తారు,” అన్నాడు హరిహరన్.

“నిన్ను పిలిచినారా నాయనా?”

హరిహరన్‌కి ఇరవై నాలుగేళ్లప్పుడు బెంగుళూరులో ఒక పెద్ద కంపెనీ నుంచి పని వచ్చింది. మా ఇంట్లో ఏ మంచిపనికైనా కులదేవత గుడిలో పువ్వు అడుగుతాం. తెల్ల గన్నేరు ఒక పొట్లంలో, ఎర్ర గన్నేరు ఒక పొట్లంలో అరిటాకుతో చుట్టి, నారతో కట్టి, అమ్మవారి ముందు పెడతారు. ఇంటి పెద్ద కళ్లు మూసుకొని ఒకటి తీయాలి. తెలుపు వస్తే అమ్మవారి ఉత్తరువు ఉన్నట్టు. అతనికి ఎరుపు వచ్చింది. అతను స్టోరులో ఉండిపోయాడు. పిల్లల నాయనకు బోడినాయకనూరు పోయేముందు వచ్చింది తెలుపు. ఏ పువ్వు వచ్చినా మా ఇంట్లో తప్పు ఎవరిదీ కాదు. పువ్వు చెప్పింది, మేం విన్నాం, అంతే.

మరుసటి నెల పంగునిలో ఆనంది బయటి ఉద్యోగాలకు రాయడం మొదలుపెట్టింది. మొదటి ఇంటర్వ్యూ ఫోనులో. పెరటి గదిలో బియ్యం డబ్బాకు ఫోను ఆనించి కూర్చుంది. నాకు రెండు ఆజ్ఞలు: కుక్కరు పెట్టకూడదు, ఎవరు వచ్చినా లోపలికి రానివ్వకూడదు. సరిగ్గా అప్పుడే పక్కింటి నాగమ్మాళ్ వచ్చింది. ఆనందికి జ్వరం, నిద్రపోతోంది అని చెప్పాను. ఆమె పోయి కషాయం కాచుకొని తెచ్చింది. గది తలుపు వెనుక నుంచి ఇంగ్లీషు గలగలా వినబడుతూ ఉంది.

“జ్వరం తలకెక్కింది అక్కా, చూడు,” అంది నాగమ్మాళ్.

ఆనంది బయటికి వచ్చినప్పుడు నిజంగానే జ్వరం వచ్చినట్టు ఉంది ముఖం.

“రాలేదు అవ్వా. ‘ఈ ఆరేండ్లలో నువ్వు ఏమి చేసినావు’ అని అడిగినాడు. మా కంపెనీలో అట్లా చేస్తాము, మా మామ ఇట్లా చేసినాడు, మేము తప్పులు తగ్గించినాము అని చెప్పుకుంటా పోయినాను. ఆయన మళ్లీ అడిగినాడు, ‘అది సరే, నువ్వు?’ అని. నోరు రాలేదు. చేసినవి ఉండాయి. నావని చెప్పుకోవడానికి నోరు రాలేదు.”

“పోనీలే. మామ చూసుకుంటాడు. కాస్త ఓపిక పట్టు,” అన్నాను. నా మనసులో ఉన్నది వేరు. రాలేదు కాబట్టి ఇంట్లోనే ఉంటుంది అనుకున్నాను. ఆ కషాయం మిరియాల ఘాటు గదంతా ఉంది. ఆమె దాన్ని తీసుకొని గటగటా తాగేసింది.

“అవ్వా, నువ్వు తెలుగు చదవడం ఎవరి దగ్గర నేర్చుకున్నావు?”

మా ఇంట్లో అందరమూ మాట్లాడేది తెలుగే. చదివింది అరవ బడిలో కాబట్టి చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు. నేను యాభై దగ్గర పడ్డాక తిరుపతి క్యాలెండరు చూసి, మిరపకాయల లోడుతో వచ్చే గుంటూరు లారీల వెనుక రాసినవి చూసి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను.

“ఎవరు నేర్పుతారు నాకు? ఆశ పుట్టింది, నేర్చుకున్నాను.”

“ఎవరైనా వచ్చి పిలుస్తారని కూర్చోలేదు కదా?”

ఆ రోజు నుంచి ఆమె రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి, తను చేసిన పని ఒక్కొక్కటీ తన పేరుతో చెప్పుకునేది. మొదట్లో దొంగతనం ఒప్పుకున్నట్టు గొంతు తగ్గించి చెప్పేది. ఆ పై నెల చిత్తిరై వచ్చేసరికి పక్కింటికి వినబడేటట్టు చెబుతూ ఉంది. నాగమ్మాళ్ మళ్లీ కషాయం తెస్తుందేమోనని నాకు భయం.

చిత్తిరై చివర్లో గుజరాత్‌లోని రాజ్‌కోట్ నుంచి ఉద్యోగానికి పిలుపు వచ్చింది. అక్కడా పంపులే చేస్తారు. డిజైన్‌లోనే పని.

“పువ్వు అడగాల,” అన్నాడు హరిహరన్. కూతురితో అతను మాట్లాడిన మాట ఆ వారంలో అదొక్కటే.

విమానాశ్రయం దాటి, బస్సు దిగి, ఎండలో నడిచి గుడికి పోయాం. పూజారి పొట్లాలు రెండూ చుట్టి పెట్టాడు. ఇంటి పెద్దను నేను. కళ్లు మూసుకున్నాను. ఎరుపు రావాలని మొక్కుకున్నానో, తెలుపు రావాలని మొక్కుకున్నానో నాకే తెలియదు. తెలుపును నమ్మి ఒకరిని పోగొట్టుకున్నాను. ఎరుపును నమ్మి ఒకడు నా కళ్ల ముందే ముప్పై ఏళ్లు కూర్చుండిపోయాడు. చేతికి తగిలిన పొట్లం తీశాను. చల్లగా, తడిగా ఉంది.

పూజారి నార విప్పడానికి చెయ్యి చాపాడు. ఆనంది నా చేతి మీద తన చెయ్యి వేసింది.

“విప్పొద్దు అవ్వా.”

“అమ్మవారి ముందర ఆటలా?” అన్నాడు హరిహరన్.

“ఆట కాదు నాయనా. నువ్వు ఇన్నేండ్లుగా ఒక ఎర్ర పువ్వు మీద కోపంగా ఉండావు. నాకి ఆ కోపం వద్దు. బాగుపడితే నేను, చెడిపోతే నేను. పువ్వు మీద వేయను.”

“విప్పకుంటే ఉత్తరువు లేదమ్మా,” అన్నాడు పూజారి.

“ఉత్తరువు అడగను సామీ. పోతా ఉండానని చెప్పడానికి వచ్చినాను.”

ఆమె నా చేతిలోని పొట్లం తీసుకొని అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, కర్పూరం వెలిగించి, కళ్లకు అద్దుకుంది. కలైసెల్వి తనలో తాను, “పొణ్ణుకు ఎంత తిమిరు, ఎంత పొగరు చూడు,” అని గొణిగింది. కానీ అందరికంటే ముందు ఆమే వంగి కూతురి నుదుట కుంకుమ పెట్టింది. హరిహరన్ బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను నా అరచేయి చూసుకుంటూ వచ్చాను. దాని మీద ఏ రంగూ అంటుకోలేదు.

మరుసటి వారం, వైకాశి పుట్టగానే, ఆనంది రాజీనామా కాగితం తీసుకొని తానే మామ ఆఫీసుకు పోయింది. తండ్రి చేత పంపలేదు, ఇంటికి వస్తాడులే అని దాచుకోలేదు. ఆ శుక్రవారం రంగనాథన్ వస్తాడో రాడో అని పొద్దుటి నుంచి వాకిలి చూస్తూనే ఉన్నాను. వచ్చాడు. కాళ్లు కడుక్కొని, ఎప్పటి చోటులోనే కూర్చున్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. నెయ్యి ఒక గరిటె ఎక్కువే వేశాను.

“హరీ, నీ కూతురు పెద్దమనిషి అయిపోయింది. కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది,” అన్నాడు.

“చిన్నపిల్ల బావా, నేను చెప్తాను...”

“నాయనా, చెప్పాల్సింది నేను చెప్పేసినాను,” అంది ఆనంది.

రంగనాథన్ అన్నం కలుపుతూ ఆమె వైపు చూశాడు. “రాజ్‌కోట్ వాండ్లు మనకి పోటీ. మన ఇంటి పిల్ల పోయి వాండ్ల పంపుకి బొమ్మ గీస్తే ఊర్లో నన్ను ఏమంటారు?”

“మీ బొమ్మ ఒక్కటి కూడా తీసుకొని పోవడంలేదు మామా.”

“అది నాకు చెప్పాల్నా? నిన్ను ఎత్తుకొని తిరిగినోణ్ణి.” అతని గొంతు మెత్తబడింది. “సరి, విడు. సోమవారం నుంచి డిజైన్ రూములో కూర్చో. ముకుంద్ పక్కన కుర్చీ వేయిస్తాను. ఆ కాగితం చించేస్తాను. సరేనా?”

హరిహరన్ ముఖం చిన్నపిల్లవాడి ముఖమయింది. వంటింటి గడప దగ్గర కలైసెల్వి, “ముదలాళే చెప్తా ఉండారు కదడీ,” అంది. నేను గరిటె పట్టుకొని నిలబడి ఉన్నాను. ఒప్పుకో తల్లీ, ఒప్పుకో అని నాలో నేను అంటూనే ఉన్నాను.

ఆనంది కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ కుర్చీ కోసం ఆమె ఎన్ని సాయంత్రాలు ఆ కంప్యూటర్ ముందు కూర్చుందో నాకు తెలుసు.

“మాసిలో ఈ మాట చెప్పి ఉంటే మీ కాళ్లకి మొక్కి కూర్చొని ఉంటాను మామా. ఇప్పుడు కూర్చుంటే అది నేను పోతానని బెదిరించి తీసుకున్న కుర్చీ అవుతాది. నా పని చూసి ఇచ్చిన కుర్చీ కాదు. రాజ్‌కోట్ వాండ్లకి నేను ఎవరి పిల్లనో తెలీదు. అయినా ఇచ్చినారు.”

“నీ కోపం ఇంకా తగ్గలేదు.”

“కోపం లేదు మామా. కోపంతో పోవడంలేదు. అది మీకు తెలియాల.”

అతను మజ్జిగ అన్నం దాకా తిన్నాడు. ఒక్క మెతుకు వదలలేదు. “అప్పళం బాగుంది అత్తా,” అన్నాడు. వెండి లోటాలో నీళ్లు చివరి దాకా తాగి, దాన్ని చప్పుడు కాకుండా కింద పెట్టాడు. తాంబూలం పళ్లెం కోసం ఆనంది లోపలికి పోయింది. హరిహరన్ నేల చూస్తున్నాడు. అప్పుడు రంగనాథన్ ఆకు అంచు పట్టుకొని, తన వైపుకు కాదు, అవతలికి మడిచాడు. నేను ఆకు తీయడానికి వంగి, ఆ మడత చూసి, వంగినచోటే ఉండిపోయాను. నేను తల ఎత్తేసరికి అతను వాకిట్లో చెప్పుల కోసం కాలితో తడుముకుంటున్నాడు. తాంబూలం పళ్లెంతో వచ్చిన ఆనంది, “మామ అప్పుడే పోయినాడా?” అంది. ఆకును నేనే తీసి పారేశాను. ఎవరికీ చెప్పలేదు.

మరుసటి వారమే రైలు. బ్యాగు మోయడానికి హరిహరన్ వస్తాడనుకోలేదు. కానీ చొక్కా వేసుకొని వచ్చి, బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. స్టేషన్లో ఆమె సీటు కింద దాన్ని తోసి, గొలుసు వేసి తాళం పెట్టి, తాళంచెవి ఆమె చేతికిచ్చాడు. “పారేసుకోవద్దు,” అన్నాడు. రైలు కదిలాక ప్లాట్‌ఫాం మీద నా పక్కన నిలబడి, “అమ్మా, ఆ దినం నా పొట్లం కూడా విప్పకుండా ఉండి ఉంటే...” అని ఆగిపోయాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం పీలమేడు బస్సెక్కాం.

ఆనంది దీపావళికే వచ్చింది. నా బొడ్లో చెయ్యి పెట్టి దువ్వెన లాక్కుని, “నాకి అప్పుడే తెలుసు అవ్వా, నీ దగ్గరే ఉందని,” అని నవ్వింది. ఏటా వస్తుంది. ఇప్పుడు ఆమె కింద ముగ్గురు పనిచేస్తున్నారు. అక్కడి పప్పులో నిజంగానే చక్కెర వేస్తారంట. అలవాటైపోయిందంట.

హరిహరన్ ఇప్పటికీ ఆ స్టోరుకే పోతాడు. ముదలాళి అతనితో బాగానే ఉంటాడు. అత్త ఎట్లా ఉందని అడుగుతాడంట. పండగకు డ్రైవరు చేత పండ్ల బుట్ట పంపుతాడు. వెండి లోటా మా ఇంట్లోనే ఉంది. నేను దాచింది కాదు, అతనే వదిలి వెళ్లాడు. శుక్రవారం నేను ఒక ఆకు ఎక్కువే కోస్తాను. కలైసెల్వి దాన్ని కడిగి పక్కన పెడుతుంది.

నా అన్న కొడుకు రంగనాథన్, 2023 వైకాశి మొదటి శుక్రవారం మా ఇంట్లో అన్నం తిని పోయాడు. మళ్లీ రాలేదు.